పట్టు తప్పిన మోకాలు

మోకాలి బాధను చెప్పుకోవడానికి మనకు మాటల కొదవ లేదు: పోటు, సలుపు, పీకు, తీపు. నాకు కలిగిన బాధకు మాత్రం వీటిలో ఏదీ సరిపోలేదు. షటిల్ ఆడుతూ ఎగిరి, ఒంటికాలిపై దిగి పక్కకు తిరిగినప్పుడు లోపల ఏదో టప్పుమంది. గంటలోపే మోకాలు ఉబ్బింది. మూడు వారాలకు వాపూ నొప్పీ తగ్గాయి. అసలు చిక్కు ఆ తరువాతే మొదలైంది. మెట్లు దిగేటప్పుడు, చటుక్కున మలుపు తిరిగేటప్పుడు కాలు నాది కానట్టు తప్పుకునేది. లిఫ్టు లేని మూడో అంతస్తు మాది. అమ్మను చేయిపట్టి దింపవలసినవాణ్ణి నేనే.

ఎక్స్‌రేలో ఎముకలు నిక్షేపంగా ఉన్నాయి. లోపాన్ని పట్టినవి వైద్యుని చేతులు. మోకాలిని ఇరవై, ముప్ఫై డిగ్రీలు వంచి, ఒక చేత్తో తొడను కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో కింది ఎముకను ముందుకు లాగి చూశారు. బాగున్న కాలిలో ఆ కదలిక ఠక్కున ఆగింది. రెండో కాలిలో ఆగవలసిన చోట ఆగలేదు. ఫిలడెల్ఫియా వైద్యుడు జాన్ లాక్‌మన్ పేరిట ఈ పరీక్షను జోసెఫ్ టోర్గ్ బృందం 1976లో ప్రకటించింది. ఎమ్మారై కూడా అదే చెప్పింది: ముందరి క్రూసియేట్ లిగమెంటు పూర్తిగా తెగింది, పక్కనున్న మెనిస్కస్‌లు క్షేమం.

"తెగితే కుట్టించుకోవాలి కదా!" అన్నారు బంధువులు. సాధారణంగా దానిని కుట్టరు. తొడ వెనుకనుండో, మోకాలిచిప్ప కిందనుండో కొంత స్నాయువు తీసి, ఎముకలలో సొరంగాలు తొలిచి, కొత్త లిగమెంటుగా అమరుస్తారు. మళ్ళీ ఆటకు దిగడానికి తొమ్మిది నెలలైనా ఆగమంటారు.

అందరికీ అది వెంటనే అవసరమా? 2010లో వెలువడిన స్వీడన్ అధ్యయనంలో 121 మంది యువకులూ యువతులూ పాల్గొన్నారు. 62 మందికి తొలుతే శస్త్రచికిత్స నిర్ణయించి, 59 మందికి ముందు వ్యాయామం, అవసరమైతేనే శస్త్రచికిత్స అన్నారు. ఈ 59 మందిలో రెండేళ్ళలో శస్త్రచికిత్స చేయించుకున్నవారు 23 మంది. అయిదేళ్ళకు ఆ సంఖ్య సుమారు సగానికి చేరింది. మోకాలి పనితీరులో రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

నేను వ్యాయామాన్ని ఎంచుకున్నాను. వైద్యుడు ఒక షరతు పెట్టారు: కాలు మళ్ళీ మళ్ళీ తప్పుకుంటూ ఉంటే శస్త్రచికిత్సే శరణ్యం, ఎందుకంటే తప్పుకున్న ప్రతిసారీ మెనిస్కస్ చిరిగే ప్రమాదముంది. తొడ కండరాలకు బలం, ఒంటికాలిపై నిలకడ, ఆపైన మెట్లు: ఆరు నెలలు ఇదే తపస్సు. తెగిన లిగమెంటు అతుక్కోలేదు; దాని పనిలో కొంత కండరాలు నేర్చుకున్నాయి. ఇప్పుడు అమ్మ చేయి నా భుజంపై ఉన్నా మెట్లమీద జంకు లేదు. షటిల్ మాత్రం మానుకున్నాను. ఆటే బ్రతుకైన వారికి ఈ బేరం గిట్టదు, నాకు గిట్టింది.