మూడు షిల్లింగుల నాయకుడు

మా పాఠశాల బాలురలో ఫుట్‌బాలు నెఱుగనివారు లేరు. రగ్బీ నెఱిగినవారు మాత్రము మిక్కిలి యరుదు. కోడిగ్రుడ్డు వలె కోలగా నుండు బంతి, జట్టునకు పదునేనుగురు ఆటగాండ్రు, బంతిని చేతితో నందించునపుడు వెనుకకే కాని ముందునకు అందింపరాదను నియమము, ఇంతమాత్రము తెలిసిన చాలును. ప్రత్యర్థుల గీతకు ఆవల బంతిని నేలకు ఆనించుటను 'ట్రై' యందురు. మేము చెప్పబోవు కాలమున దానికి మూడు పాయింట్లు.

ఆటస్థలమున ఈలపట్టుకొని నిలుచు ఉపాధ్యాయులమే కాని, రగ్బీని మేమెన్నడును ఆడినవారము కాము. అయినను చదివిన ఆటగాండ్ర చరిత్రలలో డేవిడ్ గాలహరు చరిత్ర మమ్ము పట్టినట్లు మఱియొకటి పట్టలేదు.

గాలహరు 1873వ సంవత్సరము అక్టోబరు 30వ తేదీన ఐర్లండులోని డోనెగల్ ప్రాంతమున రామెల్టన్ అను చిన్న పట్టణమున జన్మించెను. 1878లో ఆ కుటుంబము 'లేడీ జోస్లిన్' అను ఓడనెక్కి న్యూజీలండునకు వలసపోయి, కటికటి యను క్రొత్త పల్లెలో నిలిచెను. తండ్రి వయసుమీఱినవాడు, తల్లి పాఠశాలలో ఉపాధ్యాయినియై సంసారము నీడ్చెను. 1887లో ఆమె గతించెను. పదుమూడేండ్ల బాలుడు పలకను విడిచి పనిలో చేరవలసివచ్చెను. పిమ్మట కుటుంబము ఆక్లండు చేరినది. అచట నతడు మాంసమును మంచుగడ్డవలె చల్లబఱచి సీమకు పంపు కార్ఖానాలో పనిచేయుచు, సాయంకాలములందు పాన్సన్‌బీ సంఘమున రగ్బీ నాడెను. 1901-02 సంవత్సరములలో దక్షిణాఫ్రికా యుద్ధమునకు పోయి వచ్చెను. 1903లో న్యూజీలండు తన మొట్టమొదటి టెస్టును సిడ్నీలో ఆడినపుడు ఆ జట్టులో నతడును గలడు.

1905లో న్యూజీలండు జట్టు ఆంగ్లదేశమునకు బయలుదేరెను. అధికారులు గాలహరును నాయకునిగా నియమించిరి. ఓడ నడిసముద్రమున నుండగనే గొణుగుడు పుట్టెను. నాయకుని ఎన్నుకొను హక్కు ఆటగాండ్రదే కాని అధికారులది కాదని దక్షిణప్రాంతపు వారు కొందఱు వాదించిరి. గాలహరును, ఉపనాయకుడైన బిల్లీ స్టెడ్‌ను వెంటనే రాజీనామా నిత్తుమనిరి. వోట్లు తీసికొనగా 29 మందిలో 17 మంది గాలహరు పక్షమున నిలిచిరి. పండ్రెండుగురకు తనయందు విశ్వాసము లేదని తెలిసికూడ ఆ ఓడలోనే, ఆ భోజనపుబల్లల వద్దనే, వారితో గడపి, ప్రతిదినము పైతట్టున వ్యాయామము చేయించినవాడు గాలహరు. తరగతి నాయకుని ఎన్నికలో నాలుగు వోట్లు ఎదురుపడినంతనే అన్నము మానిన బాలుని మేమెఱుగుదుము. అందుచే ఈ పండ్రెండు వోట్లను తలచినపుడెల్ల మాకు ఆశ్చర్యము కలుగును.

ఇక జీతమా? ఏమియు లేదు. చిల్లర ఖర్చులకై దినమునకు మూడు షిల్లింగులు మాత్రము. ఆనాటి మారకము ప్రకారము మన లెక్కకు రెండు రూపాయల నాలుగణాలు. ఆటకు కూలి పుచ్చుకొన్నవాడు అపవిత్రుడని రగ్బీ పెద్దల సిద్ధాంతము. ఆ మూడు షిల్లింగులును తప్పేయని స్కాట్లండు పెద్దలు పిమ్మట తగవుపెట్టిరి! 1895లోనే ఉత్తర ఇంగ్లండులోని సంఘములు, ఆటకు పోయిన దినమున గని పనివారును మిల్లు పనివారును కోల్పోవు కూలినైనను ఇయ్యవలెనని కోరి, కాదనిపించుకొని, హడర్స్‌ఫీల్డున వేఱు కుంపటి పెట్టుకొనిరి. కూలిలేని ఆటను పొగడినవారిలో కూలికి పోవలసిన అగత్యము లేనివారే ఎక్కువయని మా యభిప్రాయము.

ఈ మాట మేము గ్రంథములనుండియే నేర్చినది కాదు. కొన్నియేండ్ల క్రిందట మా ఫుట్‌బాలు జట్టులో నేతపనివారి పిల్లవాడొకడు ఉండెడివాడు. అంతటి పాదలాఘవము మేము మఱి చూడలేదు. శనివారపు పందెములకు అతడు రాకుండుటచే మేము వారి యింటికి పోతిమి. తల్లి మగ్గపు గుంటలోనుండి లేవకయే, "ఆటకు పోతే మగ్గం ఆగుద్ది, ఆగనీండి పంతులుగారూ. మరి పొయ్యి ఆగుద్దా?" అని యడిగెను. బాలుడు తలవంచుకొని కండెలు చుట్టుచుండెను. మేము మజ్జిగ త్రాగి తిరిగివచ్చితిమి.

జట్టు 1905 సెప్టెంబరు 16న ఎక్సెటరులో డెవన్ మండలపు జట్టును 55-4 తో ఓడించెను. స్కాట్లండును 12-7, ఐర్లండును 15-0, ఇంగ్లండును 15-0 తో గెలిచెను. ఐర్లండు పందెమున మాత్రము గాలహరు గాయముచే ఆడలేదు. బ్రిటిషువారి కుదురులో ఎనమండుగురు భుజములు కలిపి త్రోయగా, న్యూజీలండు వారు ఏడుగురితోనే త్రోసి, ఎనిమిదవవానిని వెలుపల నుంచిరి. బంతిని కుదురులోనికి వేయుటయు, అది వెనుకకు వచ్చినపుడు తనవానికి అడ్డుగా నిలుచుటయు ఆ ఎనిమిదవవాని పని. అతడే గాలహరు. పత్రికలవారు అతనిని మోసగాడని వ్రాసిరి, ప్రేక్షకులు కేకలువేసిరి, రిఫరీలు మాటిమాటికి ఈలవేసిరి. అడ్డుగా నిలిచినవానిని తన్నుట సులభము కావున అతడు మోకాళ్ళ క్రింద కవచములు తొడుగుకొని ఆడెడివాడు. నియమభంగమో కాదో నిర్ణయించుటకు మేమెవ్వరము? ఆ స్థానమునే తరువాతి తరమువారు 1930 తర్వాతి నియమములచే తొలగించిరి.

డిసెంబరు 16న కార్డిఫ్ నగరమున వేల్సుతో పోరు. నలువది వేలకు మించిన జనము. న్యూజీలండు వారు హాకా నృత్యము చేయగా, వేల్సువారు తమ దేశగీతమును ఎత్తుకొనిరి, మైదానమంతయు అందుకొనెను. టెడ్డీ మోర్గన్ చేసిన ఒక్క ట్రైతో వేల్సు 3-0 ఆధిక్యము పొందెను. చివరికాలమున బాబ్ డీన్సు అను ఇరువదియొక్క యేండ్ల యువకుడు గీతవద్ద పట్టుబడెను. తాను బంతిని గీతకు ఆవల ఆనించితిననియు, ప్రత్యర్థులు వెనుకకు ఈడ్చిరనియు అతని వాదము. రిఫరీ జాన్ డల్లస్ వెనుకబడి వచ్చి, ట్రై కాదనెను. 3-0 అట్లే నిలిచెను. డీన్సు 1908లోనే, ఇరువదినాలుగేండ్లకు, మరణించెను. తగవు మాత్రము నేటికిని చావలేదు.

పత్రికలవారు గాలహరును చుట్టుముట్టిరి. తన జట్టు ఓడిన ఒక్క పందెమది. తననే మోసగాడనిన పత్రికలవి. ఆట బాగుగా జరిగినదనియు, మేలైన జట్టు గెలిచినదనియు, తాను ఆడిన పందెములలో రిఫరీని గూర్చి పలుకుట తన వాడుక కాదనియు మాత్రము అతడు చెప్పెను. మొత్తము 35 పందెములలో 34 గెలిచి, 976 పాయింట్లు చేసి, 59 మాత్రమే ఇచ్చి ఆ జట్టు ఇల్లుచేరెను.

ఆ జట్టులోని నలుగురు 1907లో కూలిపుచ్చుకొను జట్టుతో కలిసిపోయిరి. వారిని మేము తప్పుపట్టము. గాలహరు 1906లో వివాహమాడి, స్టెడ్‌తో కలిసి రగ్బీపై పెద్ద గ్రంథము వ్రాసి, 1914 వఱకు దేశపు జట్టును ఎన్నుకొనువారిలో నొకడై, కార్ఖానా పనిలోనే యుండెను. రగ్బీయందు కూలిని బహిరంగముగా ఒప్పుకొనుటకు లోకము 1995 వఱకు ఆగవలసివచ్చెను.

1916లో, నలువదిరెండేండ్ల వయసున, భార్యను చిన్న కుమార్తెను విడిచి అతడు మరల సైన్యమున చేరెను. 1917 అక్టోబరు 4న బెల్జియములో పాషెండేలు ముంగిట, సార్జెంటుగా తనవారిని నడిపించుచు, తలకు తునుక తగిలి, నాడే కన్నుమూసెను. పోపరింగె సమీపమున నైన్ ఎల్మ్స్ శ్మశానవాటికలో అతని సమాధి యున్నది. ఐరోపాకు వచ్చిన న్యూజీలండు ఆటగాండ్రు దానిని దర్శింతురు. అతడు ఏండ్లుగా సైన్యమువారికి తన వయసును తగ్గించి చెప్పుచుండెను. రాతిపై 41 అని చెక్కియున్నది, నిజమునకు 43.