గ్లాసు ఎవరు కడుగుతారు?

పిల్లలూ! కాలువ కట్టేసిన తరవాత దాని అడుగు ఎలా ఉంటుందో మీలో ఎవరైనా చూశారా? కృష్ణా డెల్టాలో పుట్టినవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. మిగిలినవాళ్ళ కోసం చెబుతున్నాను. విజయవాడ దగ్గర ప్రకాశం బరాజునుంచి వదిలిన నీరు వానకాలం మొదలుకొని మా కాలువల్లో నిండుగా పారుతుంది. ఎండాకాలంలో పైన తలుపులు దించేస్తారు. ఊళ్ళలోని మంచినీళ్ళ చెరువులను అంతకు ముందే నింపుకుంటారు. ఆ తరవాత కాలువ అడుగు బయటపడుతుంది.

మాది ఉయ్యూరు. మా ఊరి కాలువ పేరు పుల్లేరు. నా చిన్నతనంలో అది ఎండినప్పుడు నత్తగుల్లలూ, కుండపెంకులూ, ఎవరో ఎప్పుడో జారవిడుచుకున్న చెంబూ కనిపించేవి. వాటి కోసం మేము పోటీలు పడి దిగేవాళ్ళం. ఇప్పుడు దిగితే కాళ్ళకు చుట్టుకునేవి ఖాళీ నీళ్ళ పాకెట్లు. ఒక మూల పంటితో కొరికి, నీళ్ళు తాగి పారేసినవి.

ఈ పాకెట్లతో నాకొక పాత లెక్క ఉన్నది. దాన్ని నా చేత ఒప్పించినవారు జర్మనీ దేశపు పిల్లలు. ఆ సంగతి చెబుతాను, వినండి.

2024 నవంబరులో మా ప్రాంతపు ఉన్నత పాఠశాల ఒకదానినుంచి నాకు కబురు వచ్చింది. నేను ప్రధానోపాధ్యాయుడుగా పనిచేసి రిటైరయినవాణ్ణి. "మాస్టారూ, మన పిల్లలూ, జర్మనీలో ఒక బడి పిల్లలూ వారానికొకసారి తెరమీద ఒకరినొకరు చూసుకుంటూ మాట్లాడుకోబోతున్నారు. విషయం ప్లాస్టిక్ చెత్తను తగ్గించటం. పెద్దవారు, మీరు పక్కన ఉంటే బాగుంటుంది" అన్నారు. ఇటువంటి ఏర్పాట్లు ఈ రోజుల్లో కొత్త కాదు. ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం వారు "టైడ్ టర్నర్స్" అనే పథకం పెట్టారు. అందులో అనేక దేశాల పిల్లలు తమ ఇంటి ప్లాస్టిక్కును తామే లెక్క పెట్టి, తగ్గించి, బాడ్జీలు సంపాదిస్తారు.

"మన చెత్త మనం ఎత్తుకుంటే సరిపోదా? దీనికి జర్మనీ ఎందుకు?" అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. దానికి జవాబు సముద్రం చెబుతుంది. 1992 జనవరిలో హాంకాంగునుంచి అమెరికాకు పోతున్న ఒక ఓడ పసిఫిక్ మహాసముద్రంలో తుఫానులో చిక్కుకుని, కొన్ని పెట్టెలు నీళ్ళపాలయాయి. ఒక పెట్టెలో 28,000కు పైగా ప్లాస్టిక్ బొమ్మలున్నాయి: పసుపు బాతులు, నీలి తాబేళ్ళు, ఆకుపచ్చ కప్పలు. పది నెలలకు అవి అలాస్కా ఒడ్డుకు కొట్టుకు వచ్చాయి. మరికొన్ని ఏళ్ళ తరబడి సముద్రాలమీద తిరిగాయి. మా పుల్లేరు సంగతీ అంతే. కాలువ నీరు పొలాలకూ, పొలాల మిగులు నీరు మురుగు కాలువలకూ, మురుగు కాలువలు సముద్రానికీ పోతాయి. పాకెట్టు తేలికగా ఉంటుంది గనక నీటితోబాటే పోతుంది.

పోయినది కుళ్ళదు. నీళ్ళ పాకెట్టు పాలిథీన్ అనే పదార్థంతో చేస్తారు. 1933లో ఇంగ్లండులో ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు వేరే ప్రయోగం చేస్తూండగా ఇది అనుకోకుండా తయారయింది. అందులోని కర్బన పరమాణువులు వేలకు వేలు గొలుసులాగా పట్టుకుని ఉంటాయి. అరటాకును తినే సూక్ష్మజీవులకు ఆ గొలుసు తెంచటం చేతకాదు. ఎండకు అది ముక్కలవుతుంది, ముక్కలు ఇంకా చిన్న ముక్కలవుతాయి. అంతే తప్ప పోదు. మరొక చిక్కు కూడా ఉన్నది. ఖాళీ నీళ్ళ సీసాను పాత సామాన్లవాడు కొంటాడు, కనక ఎవరో ఒకరు ఏరుకుంటారు. పాకెట్టుకు తూకం లేదు, ధర లేదు. దాన్ని వంగి ఎత్తేవాడు లేడు.

మొదటి సమావేశం తమాషాగా జరిగింది. మాకు మధ్యాహ్నం రెండు గంటలు. వాళ్ళకు ఉదయం తొమ్మిదిన్నర. మావాళ్ళు ఫాను కింద, వాళ్ళు ఉన్ని చొక్కాల్లో. ఇద్దరికీ ఇంగ్లీషు సొంత భాష కాదు. సగం మాటలు అర్థం కాక, బల్లమీద బొమ్మలు వేసి చూపుకున్నారు. వాళ్ళలో ఒక కుర్రవాడు ఖాళీ సీసా తీసుకుని అంగడికి పోవటం ఫొటోలుగా చూపాడు. అక్కడ గోడలో ఒక యంత్రం ఉన్నది. సీసాను దాని నోట్లో పెడితే మింగి చీటీ ఇస్తుంది. ఆ చీటీకి డబ్బు వస్తుంది. జర్మనీలో ఒక్కసారి వాడి పారేసే సీసాలమీద 2003నుంచి 25 సెంట్ల బయానా వసూలు చేస్తున్నారు, అంటే అప్పటి లెక్కన సుమారు ఇరవై రెండు రూపాయలు. తాగినవాడు సీసా తిరిగి ఇచ్చి ఆ సొమ్ము పుచ్చుకుంటాడు.

మావాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తున్నారు. వెనక బెంచీనుంచి ఒకడు, "మాస్టారూ, ఇది మన గోలీసోడా గదా!" అన్నాడు. వాడన్నది నిజమే. 1872లో హైరం కాడ్ అనే ఇంగ్లీషువాడు కనిపెట్టిన ఆ సీసాను మా ఊళ్ళో తాగినవాడు ఎవడూ ఇంటికి పట్టుకుపోయేవాడు కాదు. కొట్టువాడు చూస్తూ ఊరుకుంటేనా! తిరుమల కొండమీద కూడా ఇప్పుడు నీళ్ళు గాజు సీసాల్లో అమ్ముతున్నారు. సీసా తిరిగి ఇస్తే దాని డబ్బు ఇచ్చేస్తారు.

అప్పుడు జర్మనీ పిల్లలు ఒక పని అప్పగించారు: ప్లాస్టిక్ రాక ముందు దేంట్లో తెచ్చుకునేవారో, దేంట్లో తాగేవారో ఇరువైపులవాళ్ళూ ముసలివాళ్ళను అడిగి రావాలి. మావాళ్ళకు ముసలివాడు పక్కనే కూర్చుని ఉన్నాడు! నూనెకు సీసా, పప్పులకు కాగితం పొట్లం, కూరలకు గుడ్డసంచీ, భోజనానికి అరటాకు, నీళ్ళకు కుండ అని నేను హుషారుగా ఏకరువు పెట్టాను. పిల్లలు రాసుకున్నారు. ఇంగ్లీషులోకి మార్చి చెప్పే పని తొమ్మిదో తరగతి అమ్మాయిది. ఆమె కలం ఆపి, "ఇంత బాగుంటే మరి ఎందుకు మానేశారు మాస్టారూ?" అన్నది.

నేను ముప్ఫై ఏడేళ్ళు పిల్లలను ప్రశ్నలు అడిగినవాణ్ణి. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోలేదు. చెప్పటానికే మనసొప్పలేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, అంటే 1980 ప్రాంతంలో, నేను పనిచేసిన ఊళ్ళో టీ కొట్టులో రెండు రకాల గ్లాసులుండేవి. కొన్ని కులాలవారి గ్లాసులు విడిగా బయట ఉండేవి. తాగి వాళ్ళే కడిగి పెట్టాలి. బడిలో కుండ ఒకటే అయినా, కొందరు పిల్లలకు గ్లాసు ఇవ్వకుండా పైనుంచి దోసిట్లో పోసేవారు. నేను అందరికీ ఒకే గ్లాసు పెట్టాను. ఎవరూ ఎదిరించలేదు గాని, కొందరు తల్లులు పిల్లలకు ఇంటినుంచి మరచెంబులు ఇచ్చి పంపటం మొదలుపెట్టారు. చూశారా, కుండా గ్లాసూ మంచివే. వాటి చుట్టూ ఉన్న మనుషుల తీరు అంత మంచిది కాదు.

2000 ప్రాంతంలో, మరొక బడిలో, వార్షికోత్సవానికి నేను మొదటిసారి నీళ్ళ పాకెట్లు తెప్పించాను. ఎవరూ పొయ్యలేదు, ఎవరూ కడగలేదు, నీ ముందు ఎవరు తాగారని ఎవరూ అడగలేదు. అందరూ ఒకే విధంగా మూల కొరికి తాగారు. ఆనాడు నేను ఏదో యుద్ధం గెలిచినట్టే సంతోషించాను. మర్నాడు పొద్దున బడి ఆవరణ నిండా పాకెట్లు. పిల్లల చేత ఊడిపించి, గంపలకెత్తించి, కాలువ గట్టున పోయించాను. ఆ మాట చెప్పింది నేనే. ఆ తరవాత నేనున్నన్నాళ్ళూ ప్రతి ఉత్సవానికీ అదే పద్ధతి.

ఇదంతా చెప్పాను. ఆ అమ్మాయి, "ఇది కూడా వాళ్ళకు చెప్పమంటారా?" అని మెల్లగా అడిగింది. పరాయి దేశంవాళ్ళ ముందు మన ఇంటి గుట్టు! కాస్త తటపటాయించి, "చెప్పమ్మా" అన్నాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. మరుసటి వారం వాళ్ళు తమ గుట్టు పట్టుకు వచ్చారు. వాళ్ళ దేశంలో సీసాలు తిరిగి వస్తాయి, నిజమే. కాని మిగిలిన ప్లాస్టిక్ చెత్తలో కొంత భాగాన్ని ఏళ్ళ తరబడి ఓడల కెక్కించి ఇతర దేశాలకు పంపేవారట. 2018లో చైనా ఇక వద్దన్నది. మలేషియాకూ, టర్కీకీ పంపారు. మన దేశం కూడా 2019లో అటువంటి దిగుమతిని నిషేధించింది. "మా వీధులు శుభ్రంగా ఉన్నాయని చెప్పినప్పుడు ఇది మాకు తెలియదు" అన్నాడు సీసా కుర్రవాడు. ఆ రోజునుంచి రెండు వైపులా మాటల్లో బెరుకు పోయింది. సరిగా ఆ రోజుల్లోనే దక్షిణ కొరియాలోని బూసాన్ నగరంలో ప్లాస్టిక్కు గురించి ప్రపంచ దేశాలన్నీ కూర్చుని ఒప్పందం కుదరక లేచిపోయాయి. 2025 ఆగస్టులో జెనీవాలోనూ అంతే అయింది. పెద్దవాళ్ళు గదా!

మాఘ శుద్ధ ఏకాదశినుంచి పదిహేను రోజులు మా ఊళ్ళో వీరమ్మ తల్లి తిరునాళ్ళు జరుగుతాయి. 2025 ఫిబ్రవరిలో జరిగిన తిరునాళ్ళలో మా పిల్లలు చలివేంద్రం పెట్టారు. స్టీలు గ్లాసులు, పెద్ద నీళ్ళ డబ్బాలు. డబ్బా కూడా ప్లాస్టిక్కే గాని, అది మళ్ళీ మళ్ళీ నింపుకునేది. జర్మనీ పద్ధతిలో గ్లాసుకు పది రూపాయల బయానా అన్నారు. అరగంట గడవలేదు, ఒక మామ్మగారు కయ్యిమన్నది: "నీళ్ళకు డబ్బులు పుచ్చుకుంటార్రా? మీకు చదువు చెప్పినవాడెవడు?" నేను డబ్బా వెనక్కు జరిగాను. బయానా అక్కడితో సరి.

అయినా జనం రాలేదు. గ్లాసు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, పెట్టేసి, పక్క కొట్లో పాకెట్టు కొనుక్కునేవారు. ఎందుకో నాకు తెలుసు. గ్లాసు దగ్గర నా ముందు తాగినదెవరు అనే అనుమానం, కొందరికి రోగం భయం, కొందరికి ఆ పాత జబ్బు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఉపాయం ఆలోచించింది. తెర వెనక ఉన్న కడిగే తొట్టిని ఈడ్చుకు వచ్చి అందరికీ కనబడేలా ముందు పెట్టింది. సబ్బు నీళ్ళు ఒక తొట్టిలో, వేణ్ణీళ్ళు ఒక తొట్టిలో. ఎవరు తాగినా, ఏ గ్లాసయినా, అందరి కళ్ళ ముందే కడుగుడు. సాయంత్రానికి వరస కట్టారు. చెరకురసం బండివాడు తన గ్లాసులు కూడా కడిగి పెట్టమని బేరానికి వచ్చాడు! పాకెట్లు ఆగిపోయాయని అనను. తిరునాళ్ళ మైదానం ఆ యేడు కూడా తెల్లగానే ఉన్నది. మా చుట్టూ ఒక ఇరవై గజాలు మాత్రం నేల కనిపించింది. కొన్ని గ్లాసులు పోయాయి కూడా.

బుధవారం నాడు ఫొటో తెరమీద చూపాము. జర్మనీ పిల్లలు చప్పట్లు కొట్టారు. సీసా కుర్రవాడు ఫొటోను దగ్గరగా చూసి, "మీ ఊళ్ళో అమ్మాయిలే కడుగుతారా?" అన్నాడు.

నేను కళ్ళద్దాలు సర్దుకుని చూశాను. తొట్ల దగ్గర నలుగురూ అమ్మాయిలే. నీళ్ళు పోసేవాళ్ళు, డబ్బా మోసేవాళ్ళు, ఫొటోకు నవ్వేవాళ్ళు అబ్బాయిలు. నేనూ నవ్వేవాళ్ళ మధ్యనే ఉన్నాను.

ఆదివారం నేను పంచె ఎగగట్టి సబ్బు తొట్టి దగ్గర కూర్చున్నాను. గోలీసోడా కుర్రవాడూ, మరో ముగ్గురూ మొహాలు చూసుకుని వచ్చి పక్కన చేరారు. కాసేపటికి ఒకావిడ నీళ్ళు తాగటానికి వచ్చి, ఆ కుర్రవాణ్ణి చూసి, గ్లాసు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆవిడ వాడి తల్లి.

"ఇంట్లో తాగిన గ్లాసు బల్లమీదనుంచి తీయడండీ మాస్టారూ, మావాడేనా వీడు?" అన్నది.

వాడు తల ఎత్తకుండా, "నీ గ్లాసు ఇటివ్వమ్మా" అన్నాడు.