రేడియేటర్ మారిస్తే సరిపోదు

వేసవి వస్తే విజయవాడ ఆటోనగర్‌లో రేడియేటర్ షెడ్లకు చేతినిండా పనే. కారుతున్న రేడియేటర్ విప్పి కొత్తది బిగించడం పెద్ద కష్టం కాదు. అసలు జబ్బు ఇంజిన్ లోపల ఉంటుంది.

ఏళ్ల తరబడి బోరునీళ్లు పోస్తే, వాటిలోని లవణాలు నీళ్లు కాచే కాగు అడుగున పట్టినట్టు తెల్లటి పొరగా పేరుకుంటాయి. ఆ పొర వేడిని వదలదు. దాన్ని కడగకుండా కొత్త రేడియేటర్ పెట్టడం డబ్బు దండగ: ఊడిన పెచ్చులు, తుప్పు వెళ్లి దాని సన్నని గొట్టాల్లోనే ఇరుక్కుంటాయి. అందుకే మంచి మెకానిక్ ముందుగా పాత నీళ్లు వదిలేసి, ఫ్లషింగ్ మందు కలిపి ఇంజిన్ నడిపి, తేట నీళ్లు వచ్చేదాకా కడుగుతాడు.

ఇంజిన్ వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకి పారేసే అలవాటు మాత్రం మానాలి. ఇంజిన్‌కు కావలసినంత వేడి అందక డీజిల్ ఖర్చు పెరుగుతుంది.

బోరునీళ్లకు బదులు ఎథిలీన్ గ్లైకాల్ కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోస్తే మరుగు స్థానం సుమారు 107 డిగ్రీలకు చేరుతుంది. రేడియేటర్ మూత బిగింపు వల్ల లోపల ఏర్పడే ఒత్తిడి దాన్ని ఇంకా పెంచుతుంది. వేడి మీద మూత తిప్పితే సలసల కాగే నీళ్లు ముఖం మీదికి ఎగజిమ్మేది ఆ ఒత్తిడి వల్లే. ఇంజిన్ చల్లారేదాకా ఆగమని క్లీనర్ కుర్రాళ్లకు చెప్పండి.

పాత కూలెంట్‌ను కాలువలో పోయకండి. తియ్యగా ఉండే ఆ విషాన్ని తాగితే పశువుల ప్రాణాలు పోతాయి.