పండక్కొచ్చే చుట్టాలు, ఇంటి కోడళ్ళు

ఆడవాళ్ళకి జట్టు మారడం కొత్తేం కాదు. నిన్నటిదాకా ఒక ఇంటిపేరు, మూడు ముళ్ళు పడగానే మరో ఇంటిపేరు. పుట్టింటి ఆవకాయని మించింది లేదని వాదించిన నోటితోనే, ఆర్నెల్లు తిరక్కుండా మెట్టినింటి ఆవకాయని మెచ్చుకుంటాం. ఎవరూ మనని ద్రోహులనరు. పైగా 'పిల్ల చక్కగా కలిసిపోయింది' అని మురిసిపోతారు. అదే ఓ జిమ్నాస్టిక్స్ అమ్మాయి మొన్నటిదాకా ఒక దేశానికి ఆడి, ఇవాళ మరో దేశం జెండాతో బరిలోకి దిగిందనుకోండి, 'అవకాశవాది' అని ఒక్క మాటలో తేల్చేస్తాం.

అసలెందుకు మారతారంటే, ఆ లెక్క మన వంటింటి లెక్కంత తేలిక. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఈ ఆటకి ప్రపంచంలోని ఆడపిల్లలందరికీ కలిపి వున్న చోట్లు 96. ఒక్కో జట్టుకి అయిదుగురే. అమెరికాలో ఆరో పిల్లా, ఏడో పిల్లా చాలా దేశాల్లో మొదటి పిల్ల కాగలిగినవాళ్ళే. అయినా ఇంట్లో కూర్చుని టీవీ చూడాల్సిందే. పెద్ద పంక్తిలో విస్తరి దొరకనివాళ్ళు చిన్న పంక్తి వెతుక్కుంటారు. అమెరికాలో పుట్టి పెరిగిన సైక్ సీజర్ అనే కుర్రాడు 2012 లండన్ ఒలింపిక్స్‌లో తల్లిదండ్రుల దేశమైన బంగ్లాదేశ్‌కి ఆడింది అలాగే.

దీనికో కట్టుబాటు కూడా వుంది. ఒక దేశానికి ఆడినవాళ్ళు మరో దేశం తరఫున ఒలింపిక్స్‌కి వెళ్ళాలంటే మామూలుగా మూడేళ్ళు ఆగాలి. రెండు వైపుల సంఘాలూ సరేనంటే గడువు తగ్గిస్తారు. మూడేళ్ళా! మనకి మూడు రోజులిచ్చారా ఎవరైనా? అప్పగింతలైన మర్నాడు పొద్దున్నే ఎవరెవరికి కాఫీలో పంచదార ఎంతో తెలిసిపోయి వుండాలి.

జెండా మారిన వాళ్ళందరిలోకీ నాకు ఇష్టమైనది ఒక్సానా చుసోవితినా. 1991లో సోవియట్ యూనియన్‌కి ఆడి ప్రపంచ విజేత అయింది. ఏడాది తిరక్కుండా ఆ దేశమే లేకుండా పోయింది. 1992 బార్సిలోనాలో, విడిపోయిన రిపబ్లిక్కులు కలిసి పంపిన ఉమ్మడి జట్టులో ఆడి బంగారు పతకం అందుకుంది. ఆ తర్వాత మూడు ఒలింపిక్స్ ఉజ్బెకిస్తాన్ తరఫున. అంటే ఆమె దేశాన్ని మార్చలేదు, దేశమే ఆమె కాళ్ళకింద మారిపోయింది.

ఇందులో వింతేముంది అంటుంది మా అమ్మమ్మ. చెవిటికల్లులో అదే పెంకుటిల్లు, అదే వాకిలి. కాపరానికి వచ్చినప్పుడది మద్రాసు రాష్ట్రం. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 2014లో రాష్ట్రం విడిపోతే, జగ్గయ్యపేట దాటిన కాసేపటికే వేరే రాష్ట్రమైంది. 2022లో నందిగామా కంచికచర్లా అన్నీ కృష్ణా జిల్లాలోంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళాయి. "నేను గడప దాటకుండానే ఇన్ని వూళ్ళు తిరిగానే!" అని నవ్వుతుంది. ఆవిడ దేశభక్తిని ఎవరైనా శంకిస్తారా?

ఒక్సానా నిజంగా తనంతట తాను మారింది ఆ తర్వాతే. 2002లో ఆమె కొడుక్కి రక్త కాన్సరని తేలింది. సరైన వైద్యం జర్మనీలో దొరికింది. పోటీల్లో వచ్చిన డబ్బు ఆస్పత్రికి పోసింది. 2006లో జర్మన్ పౌరసత్వం తీసుకుని, 2008 బీజింగ్‌లో ముప్ఫై మూడేళ్ళ వయసులో వాల్ట్‌లో వెండి పతకం గెలిచి ఆ దేశానికిచ్చింది. పిల్లాడు కోలుకున్నాడు. 2013 నుంచి మళ్ళీ ఉజ్బెకిస్తాన్‌కే ఆడింది. మెట్టినింటి బాకీ తీర్చి పుట్టింటికి వచ్చిందన్నమాట. బిడ్డ ప్రాణం ముందు జెండా రంగేమిటి అనే తల్లిని ఏ తల్లి తప్పు పడుతుంది?

ఫ్రాన్సులో పుట్టిన కైలియా నెమూర్ కథ వేరు. మోకాలి ఆపరేషన్ అయ్యాక, ఆమె క్లబ్బుకీ అక్కడి సమాఖ్యకీ మధ్య తగాదాలో పిల్ల నలిగిపోయింది. తండ్రి వైపువాళ్ళది అల్జీరియా. ఆ తలుపు తట్టింది. పారిస్‌లో, తను పుట్టిన దేశంలోనే, పదిహేడేళ్ళకి అల్జీరియా జెండాతో అన్‌ఈవెన్ బార్స్‌లో 15.700 మార్కులతో బంగారు పతకం గెలిచింది. జిమ్నాస్టిక్స్‌లో ఆఫ్రికా ఖండానికే అది తొలి ఒలింపిక్ పతకం. పుట్టింటివాళ్ళు గడప మీద నిలబెట్టిన పిల్లని మేనత్త చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళినట్టయింది.

ఇంతవరకూ నేను వీళ్ళ పక్షమే. ఆమధ్య అమెరికా నుంచి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. దాని కూతురికి పదకొండేళ్ళు, ఈ ఆటంటే ప్రాణం. "ఇక్కడి పోటీలో నెగ్గుకురావడం కష్టమక్కా. ఇండియాకి ఆడిస్తే తేలిగ్గా ఒలింపిక్స్‌కి వెళ్ళిపోతుందిగా?" అంది.

తేలిగ్గా అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది.

ముందసలు సంగతి చెప్పాను. మన దగ్గర భారత పాస్‌పోర్టు వుండాలి. 2008 బీజింగ్‌లో మన సానియా మీర్జాకి జోడీగా డబుల్స్ ఆడిన సునీతా రావు అమెరికాలో పుట్టిన అమ్మాయే. ఆ ఏడాది చివరే ప్రభుత్వం, విదేశీ పౌరసత్వం వున్నవాళ్ళు భారత్‌కి ఆడకూడదని కట్టడి చేసింది. "అంటే ఆ పాస్‌పోర్టు వదలాలా?" అంది చెల్లెలు, అదేదో మంగళసూత్రం తియ్యమన్నట్టు.

తర్వాత దీపా కర్మాకర్ సంగతి చెప్పాను. త్రిపురలో పాత స్కూటరు భాగాలతో చేసిన వాల్ట్ మీద సాధన మొదలుపెట్టిన పిల్ల. 2016 రియో ఫైనల్లో 15.066తో నాలుగోది అయింది. కాంస్యం 15.216కి వెళ్ళింది. పదిహేను నూరోవంతుల తేడా! అదే ఫైనల్లో నలభై ఒక్క ఏళ్ళ ఒక్సానా కూడా వుంది. మన హైదరాబాదు అమ్మాయి బుద్దా అరుణారెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్ పోటీలో వాల్ట్‌లో కాంస్యం తెచ్చింది. ప్రపంచ కప్‌లో మన దేశానికి అదే తొలి వ్యక్తిగత పతకం. మనకి దొరికే చోటు ఒకటో అరో. మంచి హాల్లో, మెత్తని పరుపుల మీద పెరిగిన పిల్ల తేలిగ్గా వచ్చి ఆ చోట్లో కూచుంటే, ఇక్కడ పెచ్చులూడిన గోడల మధ్య పదేళ్ళు గెంతిన పిల్ల ఏమైపోవాలి?

"అయితే మా పిల్ల పరాయిదా అక్కా?" అంది చెల్లెలు. దాని గొంతు వణికింది. ఆ ప్రశ్న జిమ్నాస్టిక్స్‌ది మాత్రమే కాదని నాకు తెలుసు. రెండు దేశాల మధ్య పిల్లల్ని పెంచుతున్న ప్రతి తల్లి గుండెలోనూ వుండే ప్రశ్నే.

పరాయిదెందుకవుతుందే! ఇక్కడికొచ్చి, ఈ పిల్లలతో ఇవే పరుపుల మీద పడి లేస్తే, ఈ జెండా దానిదే. దేశమైనా మెట్టినిల్లయినా ఒకటే. ఆ ఇంటి కరువూ మనదనుకుంటే కోడలం. పండక్కి మాత్రం వచ్చి, పట్టుచీర అందుకుని వెళ్ళిపోతే చుట్టం. చుట్టాల్ని ఆదరిస్తాం, అన్నం పెడతాం. తాళంచెవులు మాత్రం కోడలికే ఇస్తాం.

చెల్లెలు కాసేపు మాట్లాడలేదు. "సెలవుల్లో దాన్ని తీసుకొస్తాను. ముందు చుట్టంగా రానీ, తర్వాత సంగతి అదే తేల్చుకుంటుంది" అంది.

అదీ నిజమే. కోడలైన ప్రతివాళ్ళూ మొదట పెళ్ళిచూపుల్లో చుట్టాల్లాగే కూచున్నవాళ్ళం కదా!