చలి కాచిన బీరు

బాంబెర్గ్, జర్మనీ
డిసెంబరు 7

నాయినా,

నువ్వు మోకు, ముస్తాదు దించిపెట్టి వాకిట్లో కూర్చున్నాక ఈ ఉత్తరం చదవమని చెల్లెకు చెప్పు. ఇది నీ కల్లుగీత పనికి దగ్గరి సంగతి.

ఇక్కడ నాలుగుంబావుకే పొద్దుగూకుతోంది. బాంబెర్గ్ ఏడు గుట్టల మీద కట్టిన పాత ఊరు. నడుమ రెగ్నిట్జ్ ఏరు పారుతుంది, ఆ ఏటి మధ్యలోనే పాత టౌన్‌హాలు నిలబడి ఉంది. నేను వచ్చింది మాత్రం ష్లెంకెర్లా అనే తాగుడింటి కోసం. నల్లబడ్డ దూలాలు, పొడుగాటి బల్లలు, ఖాళీ ఉన్నచోట తెలియని మనిషి పక్కనైనా కూర్చోవడం, అన్నీ మన కల్లు మండువ లెక్కనే.

వీళ్ల బీరును పొగ బీరు అంటారు. బార్లీని మనం రాగులకు మొలకలు కట్టినట్టే మొలకెత్తించి, బీచ్ అనే చెట్టు కట్టెల మంట మీద ఆరబెడతారు. ఆ పొగంతా గింజకు పడుతుంది. ఒకప్పుడు మొలకలు మంట మీదనే ఆరేవి కాబట్టి చాలా ఊళ్ల బీరుకు ఎంతో కొంత పొగ వాసన ఉండేది. వేడి గాలితో ఆరబెట్టే బట్టీలు వచ్చాక అది పోయింది. ఈ ఊళ్లో మాత్రం వదులుకోలేదు. క్రిస్మస్ రోజుల్లో ఓక్ కట్టెల పొగతో ఇంకో బీరు కాస్తారు. అందులో ఆల్కహాలు 8 శాతం, పొగ కొంచెం మెత్తన.

మొదటి గుక్కకు పొయ్యి దగ్గర చలి కాచుకున్న చొక్కా వాసన వచ్చింది. సగం గ్లాసు అయ్యేసరికి పొగ వెనక్కి జరిగి, మాడిన బెల్లంలాంటి తీపి ముందుకొచ్చింది. చెట్టు సంగతి మొదటి లొట్టితో చెప్పొద్దంటావు కదా. ఆ మాట గుర్తుపెట్టుకొని గ్లాసు చివరిదాకా ఆగాను. ఆగినందుకు ఫలితం దక్కింది.

నీ చిన్నోడు


మ్యూనిక్
డిసెంబరు 10

నాయినా,

నిన్న రాత్రంతా మంచు పడింది. చెట్ల కింద బల్లలు తెల్లగా కప్పుకొని ఉన్నాయి. ఎండాకాలం జనం కూర్చుని తాగే తోటలవి. ఆ చెట్లు అక్కడ ఎందుకున్నాయో తెలిశాక, బీరుకూ చలికీ ఉన్న చుట్టరికం అర్థమైంది.

ఎండాకాలం కాచిన బీరు చెడిపోతుందని, 1553లో ఈ బవేరియా రాజ్యం ఒక కట్టడి పెట్టింది. సెప్టెంబరు 29 నుంచి ఏప్రిల్ 23 దాకానే బీరు కాయాలి, తక్కిన రోజుల్లో కాయకూడదు. బీరును పులియబెట్టే ఇక్కడి ఈస్ట్ చల్లదనంలో నెమ్మదిగా పనిచేసి అడుగుకు దిగే రకం. దానికి చలి కావాలి. కాబట్టి చలికాలమే వీళ్ల పనికాలం. వసంతంలో చివరగా కాచిన బీరును నేలమాళిగల్లో దాచి, చెరువుల్లో గడ్డకట్టిన మంచును కోసి తెచ్చి పక్కన పేర్చేవాళ్లు. ఆ మాళిగల మీద నీడ కోసం వెడల్పాకుల చెస్ట్‌నట్ చెట్లు నాటారు. బీరు చల్లగా ఉండాలని నాటిన చెట్ల కింద తర్వాత మనుషులు కూర్చున్నారు.

1870లలో కార్ల్ ఫాన్ లిండె అనే ఇంజనీరు ఈ ఊళ్లోనే బీరు కార్ఖానా కోసం చల్లబరిచే యంత్రం తయారుచేశాడు. అక్కడి నుంచి ఏ నెలలోనైనా బీరు కాయొచ్చు. మన ఫ్రిజ్జు వెనక కథలో ఆయన పేరూ ఉంది.

ఇక చలికాలం బీరు అక్కర్లేదు. అయినా కాస్తున్నారు. బాక్ అనే చిక్కటి బీరు, దానికన్నా చిక్కటి డబుల్ బాక్ ఇప్పటికీ చలిరోజుల్లోనే గిరాకీ. ఒకప్పుడు ఇక్కడి పౌలా సన్యాసులు ఈస్టరు ముందు ఉపవాస దినాల్లో అన్నం బదులు తాగింది ఆ రకమే. అవసరం తీరిపోయాక కూడా మిగిలిందంటే, దాన్ని నిలబెట్టింది ఇష్టం.

నీ చిన్నోడు


బ్రస్సెల్స్, బెల్జియం
డిసెంబరు 14

నాయినా,

ఈ ఉత్తరం రాయడానికే బయలుదేరానేమో అనిపిస్తోంది.

రైల్వే స్టేషనుకు కొంచెం దూరంలో కాంటియోన్ అనే చిన్న బీరు కార్ఖానా ఉంది. 1900 నుంచి ఒకే కుటుంబం చేతిలో నడుస్తోంది. పైకప్పు కింది అటకలోకి ఎక్కితే, గది నిండా వెడల్పాటి రాగి తొట్టి. లోతు చాలా తక్కువ. బార్లీ, గోధుమ కలిపి, హాప్స్ అనే చేదు పువ్వులు వేసి గంటలకొద్దీ మరగబెట్టిన రసాన్ని సాయంత్రం అందులోకి వదులుతారు. కప్పు సందుల్లోంచి, కిటికీల్లోంచి రాత్రి గాలి వస్తుంది. తెల్లారేసరికి రసం చల్లారుతుంది. ఆ గాలిలోనూ, ఆ పాత కట్టెల్లోనూ ఉన్న ఈస్టే దాన్ని పులియబెడుతుంది. ఎవరూ ఏమీ కలపరు.

నాయినా, ఇది కల్లు సంగతి కాదా? లొట్టిలో మనమేం వేస్తాం? చెట్టు ఇచ్చిన రసం, గాలి ఇచ్చిన పులుపు, అంతే. ఆ అటకలో నిలబడి ఈతచెట్ల కింద నీ వెంట తిరిగిన పొద్దులు తలుచుకున్నాను. పొద్దు పొడవకముందు తీపి, పొద్దెక్కితే పులుపు. ఈత కల్లు చలికాలంలోనే ఎందుకంత బాగుంటుందో, ఈ లాంబిక్ బీరు అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకానే ఎందుకు కాస్తారో, రెండు ప్రశ్నలకూ జవాబు చల్లటి రాత్రే. వెచ్చటి రాత్రుల్లో రసం తెల్లారేసరికి చల్లారదు, చెడు సూక్ష్మజీవులు ఎక్కువవుతాయి.

తర్వాత రసం కట్టె పీపాల్లోకి వెళ్తుంది. పీపాల గదిలో సాలెగూళ్లు దులపరు. పండ్ల వాసనకు వచ్చే పురుగులను సాలీళ్లు పట్టేస్తాయట. ఒక ఏడాది, రెండేళ్లు, మూడేళ్లు పండిన పీపాలను రుచి చూసి, కలిపి, సీసాల్లో పోస్తే అక్కడ మళ్లీ పులిసి నురగ కడుతుంది. దాన్ని గూజ్ అంటారు. నాలుక మీద నిమ్మపులుపు, వెనక తడి గడ్డి వాసన, చివర కట్టె వగరు. కలిపే మనిషికి కొలత లేదు, నాలుకే కొలత.

ఒక్క సంగతి బాధపెట్టింది. 2015 నవంబరులో రాత్రులు మరీ వెచ్చగా ఉండి ఇక్కడ కొన్నాళ్లు కాచడం ఆపుకోవాల్సి వచ్చింది. ఈ మధ్య చలి ఆలస్యంగా దిగుతోందని, లొట్టి దించేలోపే పులుస్తోందని నువ్వన్నది గుర్తొచ్చింది. చలి మీద బతికే పనులు ఎక్కడున్నా ఒకే భయంలో ఉన్నాయి.

నీ చిన్నోడు


బ్రూజ్
డిసెంబరు 17

నాయినా,

కాలువల ఊరు ఇది. గాలి ఎముకల్లోకి దిగుతోంది. సాయంత్రం ఒక చిన్న గదిలో, ఇక్కడికి దగ్గరి ఎసెన్ అనే పల్లెలో క్రిస్మస్ కోసం కాచే బీరు తాగాను. పేరు స్టిల్లె నాఖ్ట్, అంటే నిశ్శబ్ద రాత్రి. ఆల్కహాలు 12 శాతం. చిన్న సీసా, గుండ్రటి గ్లాసు. మరీ చల్లగా ఇవ్వరు. అరచేతిలో పట్టుకుని కూర్చుంటే గ్లాసు కొద్దికొద్దిగా వెచ్చబడుతూ ఒక్కో వాసన బయటికొస్తుంది. మొదట ఎండుద్రాక్ష, తర్వాత కాచిన చక్కెర, అడుగున సన్నటి పులుపు. గంటసేపు ఆ ఒక్క గ్లాసే.

ఇలాంటిది తాగితే ఒళ్లు వెచ్చబడినట్టు ఉంటుంది కానీ, అది చర్మం కింది రక్తనాళాల్లోకి నెత్తురు ఎక్కువగా రావడం. లోపలి వేడి నిజానికి బయటికి పోతుంది. అందుకే మంచులోకి వెళ్లే ముందు కాదు, ఇల్లు చేరాక తాగాలి.

ఈ బీరు ఏళ్లకేళ్లు నిలవుంటుంది. మన కల్లు ఒక్క పూట. 2016లో యునెస్కో బెల్జియం బీరు సంస్కృతిని మానవజాతి వారసత్వాల్లో చేర్చింది. ఆ మాట విన్నప్పుడు నీ చేతులు గుర్తొచ్చాయి. తాడెక్కి కాయలు కాసిన చేతులు. నీ పనిలో ఉన్న తెలివి వీళ్ల తెలివికి ఏం తక్కువ కాదని ఇన్ని ఊళ్లు తిరిగాక నమ్మకంగా చెబుతున్నాను. చలి ఎంత ఉందో, గాలి ఎటుందో చూసి ఆ పూట రుచి చెప్పగలిగినవాడివి నువ్వు.

సంక్రాంతికి వస్తున్నాను. ఒక గూజ్ సీసా బట్టల నడుమ చుట్టి పెట్టాను. ఆ రోజు ఒక్క లొట్టి అమ్మకుండా చెట్టు కిందనే ఉంచు. ఏడింటికొక రేక, తొమ్మిదింటికొక రేక, పన్నెండింటికొక రేక పోసుకుందాం. వాళ్లు మూడేళ్లలో చూసే తేడా మనకు ఐదు గంటల్లో కనిపిస్తుంది. తర్వాత ఆ సీసా తీద్దాం. రుచి ముందు నువ్వు చెప్పాలి.

అమ్మకు దండాలు.

నీ చిన్నోడు