ఎవరి డబ్బా అయినా 320 అంటే 320

పలాస స్టేషన్లో దిగి కాశీబుగ్గ వైపు నడుస్తుంటే ముందుగా పలకరించేది జీడిపిక్కల ఘాటు వాసన. నేను వచ్చిన పని వేరు. ఆసుపత్రుల కంప్యూటర్లకు మందుల పట్టికలు తయారుచేయడం నా ఉద్యోగం. విశాఖలో తెర ముందు కూర్చుని రాసే ఆ వరుసలు, రోజూ గుప్పెడు మాత్రలు మింగే మనుషులకు ఏ మేరకు ఉపయోగపడతాయో కళ్లారా చూద్దామని, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఈ ఉద్దానం ప్రాంతానికి బయల్దేరాను.

అయినా పలాస వచ్చి జీడిపప్పు చూడకుండా పోతారా అని స్నేహితుడు పట్టుబట్టి ఒక కార్ఖానాకు తీసుకెళ్లాడు. బల్లల ముందు వరుసగా ఆడవాళ్లు. పొట్టు తీసిన పప్పును చేతితో ఇలా పరిచి అలా వేరుచేస్తున్నారు. గుండు ఒక పక్క, బద్ద ఒక పక్క, ముక్క ఇంకో పక్క. గుండులో మళ్లీ 210, 240, 320. పౌను బరువుకు 300 నుంచి 320 గుండ్లు తూగితే అది 320 రకం. మీ 320, పక్క కార్ఖానావాళ్ల 320 ఒకటేనా అని మేస్త్రీని అడిగాను. ఆయన నా మొహంలోకి వింతగా చూశాడు.

"ఎవరి డబ్బా అయితే ఏటండీ? 320 అంటే 320."

ఆ మాట నన్ను రోజంతా వదల్లేదు. మందుల అట్ట పట్టుకుని ఇంత ధీమాగా చెప్పగలిగే రోజు కోసమే కదా మా పాట్లన్నీ!

మధ్యాహ్నం ఒక మందుల షాపాయన తన అరలు చూడనిచ్చారు. కిడ్నీ జబ్బున్నవాళ్లకు రక్తంలో భాస్వరం పెరగకుండా అన్నంతో పాటు వేసుకొమ్మని కాల్షియం మాత్రలు రాస్తుంటారు. మూడు కంపెనీల అట్టలు తీసి బల్ల మీద పెట్టాను. ఒకదాని మీద కాల్షియం కార్బొనేట్ 1250 మిల్లీగ్రాములు అని ఉంది. రెండోదాని మీద ఎలిమెంటల్ కాల్షియం 500. మూడోదాని మీద కాల్షియం కార్బొనేట్ 500. మొదటి రెండూ ఒకే మోతాదు, ఎందుకంటే 1250 కార్బొనేట్‌లో అసలు కాల్షియం 500 ఉంటుంది. మూడోదాంట్లో ఉండేది 200 మాత్రమే. పేరు, పక్కన అంకె మాత్రమే రాసుకునే పట్టికలో కంప్యూటరు రెండో అట్టను, మూడో అట్టను కవలలనుకుంటుంది. నిజమైన కవలలను విడదీస్తుంది.

సోడియం బైకార్బొనేట్ సంగతి ఇంకా చిక్కు. రక్తంలో ఆమ్లం తగ్గడానికి మింగే మాత్ర అదే పేరు, ఇంజెక్షను అదే పేరు, డయాలసిస్ యంత్రానికి పెట్టే డబ్బాలో ద్రావణమూ అదే. స్టోరు నుంచి "బైకార్బ్ 50" పంపమంటే ఏవి పంపాలి?

అందుకే పట్టికను అంతస్తులుగా కట్టాలి. అడుగున మందు పదార్థం. దాని మీద పదార్థం, మోతాదు, రూపం కలిసిన వరుస. మోతాదు లెక్క లవణానిదో అసలు పదార్థానిదో అక్కడే తేల్చి రాయాలి. ఆపైన కంపెనీ పేరుతో దొరికే సరుకు. అన్నిటికన్నా పైన అట్టకు ఎన్ని మాత్రలు, పెట్టెకు ఎన్ని అట్టలు. బ్రిటన్ ప్రభుత్వ వైద్యసేవల పట్టిక 5 అంతస్తులది. మన దేశంలో పుణె సి-డాక్‌లోని జాతీయ కేంద్రం స్నోమెడ్ సీటీ అనే వైద్య పదకోశం ఆధారంగా ఉమ్మడి మందుల సంకేతాలను విడుదల చేస్తోంది. పునాది సరిగానే పడింది. ఆ సంకేతం ఊళ్లో షాపు బిల్లు దాకా రావాలి. లేకపోతే ఉద్దానానికి ఒరిగేదేమీ లేదు.

పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరు 14న మొదలైంది. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్లు గొట్టాల్లో వస్తున్నాయి. అయినా కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు పల్లెల్లో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతుందన్నది ఇప్పటికీ కుశల ప్రశ్నే. జబ్బుకు మూలం ఇదీ అని ఎవరూ తేల్చలేదు. ఎండలో ఒళ్లు హూనం చేసుకునేవాళ్లు ఇష్టమొచ్చినట్టు నొప్పి మాత్రలు వాడొద్దని మాత్రం డాక్టర్లు మొత్తుకుంటున్నారు. డైక్లోఫెనాక్ మానమంటే మానేస్తారు పాపం. ఇంకో పేరుతో వచ్చే అట్టలో పారాసిటమాల్‌తో కలిసి ఎసిక్లోఫెనాక్ ఉంటుంది, అదీ ఆ కుటుంబానిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సంకేతాల్లో డైక్లోఫెనాక్ ఎం01ఏబీ05, ఎసిక్లోఫెనాక్ ఎం01ఏబీ16. కలిపి చేసిన మాత్రలోని ఒక్కో పదార్థాన్ని విడివిడిగా రాసి ఉంచితే, ఎం01ఏతో మొదలయ్యే సంకేతం కనబడగానే "ఈయన కిడ్నీ రోగి" అని కంప్యూటరు హెచ్చరించగలదు. రెండు పదార్థాల పేర్లనూ ఒకే గడిలో ఇరికిస్తే ఆ హెచ్చరిక రాదు.

సాయంత్రం కవిటి వైపు ఒక ఊరు వెళ్లాం. తిత్లీ తుఫానుకు కూలిన కొబ్బరిచెట్ల స్థానంలో వేసిన మొక్కలు ఇప్పుడు మనిషిని మించి ఎదిగాయి. అక్కడ మేం వెళ్లిన ఇంటాయనకు వారానికి రెండుసార్లు డయాలసిస్. మందులన్నీ పాలిథిన్ కవర్లో, చీటీలతో సహా. ఆయన భార్య చదువుకోలేదు. పొద్దున్న వేసే అట్టల మీద బాల్‌పెన్‌తో ఒక గీత, రాత్రివాటి మీద రెండు గీతలు గీసుకుంది. ఒక్క తప్పు లేదు.

అట్టలన్నీ మంచం మీద పరిచాను. కొన్ని నాలుగేసి మాత్రలకు కత్తిరించి ఇచ్చినవి, పేరులో సగం, గడువు తేదీ మొత్తం కత్తెరకు పోయాయి. 2023 ఆగస్టు నుంచి 300 బ్రాండ్లకు క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. నా చేతిలోని ముక్కలో ఆ గళ్లబొమ్మ జాడే లేదు. ఒక గీత ఉన్నవాటిలో రెండు అట్టలు, వేర్వేరు పేర్లు, వేర్వేరు రంగులు. వెనక్కి తిప్పి వెలుతురుకు పెట్టి చదివాను. రెండింటిలోనూ ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములే.

"ఒకటి విశాఖలో రాసినారు, ఇంకోటి ఇక్కడ రాసినారు బాబూ. రెండూ బీపీవే గదా అని రెండూ ఏస్తన్నాను" అంది.

ఆయన పాదాలు వాచి ఉన్నాయి. కిడ్నీ నీరే అనుకుంటున్నారు. ఆ మందు ఎక్కువైనా పాదాలు వాస్తాయని నాకు తెలుసు. కానీ నేను డాక్టర్ని కాను.

"ఈ రెండూ ఒకటేనమ్మా."

"ఒకటేనా? మరి పేరు ఏరే ఉంది గదా?"

"పేరే వేరు. లోపల మందు ఒకటే. ఇంకో పూట మందు పడేలోపే డాక్టరు గారికి రెండూ చూపించండి. ఎలా వాడాలో ఆయనే చెప్తారు."

పొద్దున్నే డయాలసిస్‌కు వెళ్లాలట. ఆమె జడకున్న రబ్బరు బ్యాండు తీసి ఆ రెండు అట్టలనూ కలిపి కట్టింది. మిగతా మందులు కవర్లో సర్ది, ఆ జంటను అన్నిటికన్నా పైన పెట్టింది.