తిరుగు రైలు

తాడేపల్లిగూడెములో మా యూరి కళాశాల బాస్కెట్‌బాల్ జట్టును నేను నలువది యేండ్లుగా అభిమానించుచున్నాను. 1891లో అమెరికాలో నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు పండ్ల బుట్టలను ఎత్తున తగిలించి యీ యాటను కల్పించెను. బుట్ట పోయి ఇనుప వలయము వచ్చినది. పది అడుగుల ఎత్తు మాత్రము నేటికిని మారలేదు. ఉపాధ్యాయుడు కల్పించిన ఆట యగుటచేతనే నాకింత మమకారమేమో!

2019లో ఏలూరులో పోటీ జరిగెను. ఆట ముగియవచ్చినది. మనవారు ఒక్క పాయింటు వెనుకబడియుండిరి. అప్పుడు మా బాలునకు రెండు ఫ్రీ త్రోలు లభించెను. అడ్డగించువారుండరు, వలయములో పడిన ప్రతి బంతికి ఒక పాయింటు. రెండును తప్పిపోయెను.

"చేతులా అవి, చేటలా!" అని నేను అందరును వినునట్లు అరచితిని. బడిలో ఏ పిల్లవానిని అంతమాట అని యెరుగను.

తిరుగు రైలులో ఆ బాలుడే నా కెదురుగా కూర్చుండెను. భీమడోలు దాటువరకు ఇరువురమును మాటాడలేదు. సంచిలోని జామపండొకటి తీసి యిచ్చితిని. పుచ్చుకొనెను గాని తినలేదు.

"మాస్టారండీ, రేపు ప్రాక్టీసుకు వస్తారాండీ?" అని యడిగెను.

"వస్తాను నాయనా. బంతులందిస్తాను."

మరునాడు చీకటి పడువరకు అతడు విసరుచునే యుండెను. నేను తెచ్చి యిచ్చుచునే యుంటిని. ఎన్ని పడినవో లెక్కింపలేదు.